మడుగాయన ఎడమ చెంగు

నాకు ఒక చోట కుదురుగా నిలబడటం చేతకాదు. చిన్నప్పుడు చర్చిలో మా అమ్మ నా గౌను అంచును తన మోకాలి కింద తొక్కిపెట్టుకుని ప్రార్థన చేసుకునేది. అలాంటిదాన్ని పోయి పోయి బొమ్మల సినిమాలో పడ్డాను. జానెడు బొమ్మ మోచేతిని వెంట్రుకవాసి జరపాలి, వెనక్కి తప్పుకోవాలి, కెమెరా బటన్ నొక్కాలి, మళ్లీ వెళ్లి మళ్లీ జరపాలి. ఇరవై నాలుగుసార్లు అలా చేస్తే తెర మీద ఒక్క సెకను. నా కుదురులేనితనమంతా చేతివేళ్లలోంచి బొమ్మలోకి పోతుంది, అందుకే నా బొమ్మలు బాగా గెంతుతాయి. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, మా స్టూడియోలో ఎవరినడిగినా చెబుతారు.

అయినా ఏడేళ్లు నన్ను కెమెరా దగ్గరికి రానివ్వలేదు. కారణం ఒక తీగ.

బొమ్మ ముక్కు ఇప్పుడు ఎక్కడుందో గుర్తు ఉండటానికి పక్కనే ఒక సన్నటి తీగ నిలబెడతాం. బటన్ నొక్కేముందు దాన్ని తీసెయ్యాలి. కోడిపుంజు సినిమాలో ఒకసారి నేను తియ్యలేదు. పదకొండు ఫ్రేములు. అర సెకను కూడా లేదు. కానీ మా ఊరి పిల్లలు బొమ్మలాటలు చూసి పెరిగినవాళ్లు. బొమ్మ వెనకాల దొంగ వస్తుంటే "వెనక చూడు, వెనక చూడు!" అని గొంతు చించుకుని చెప్పకపోతే వాళ్లకు టికెట్ దండగ అనిపిస్తుంది. సినిమాహాల్లోనూ అంతే. ఆ రోజు హాలు హాలంతా "తీగ! తీగ!" అని అరిచింది. నా పరువు బజారున పడింది. అప్పటి డైరెక్టరు మర్నాడే నన్ను, బొమ్మలకు అతుకులు వేసే జిగురు గదికి పంపేశాడు.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. పన్నెండో ఫ్రేముకు ముందే ఆ తీగ నాకు కనపడింది. తీసి ఏప్రాన్ జేబులో వేసుకున్నాను. ఎవరికీ కనపడదులే అనుకుని నోరు మూసుకుని పని కానిచ్చాను. జిగురు గదిలో కూర్చున్న ఏడేళ్లూ నన్ను తినేసింది ఆ తీగ కాదు, ఆ మూసుకున్న నోరు.

జిగురు గదిలో నా పక్క కుర్చీ లూబోర్ బాబాయిది. బొమ్మలన్నీ చెక్కేది ఆయనే. అరవై ఎనిమిదేళ్లవాడు, నన్ను ఇప్పటికీ పిల్లా అంటాడు. నాకు నలభై తొమ్మిది. పోయిన ఏడాదంతా మేమిద్దరం కలిసి మడుగాయన కోటుకు పొలుసులు అంటించాం. అసలు పేరు వోద్నిక్, మా ఊళ్ల కథల్లో పిండిమర దగ్గరి మడుగులో కాపురముండే నీటి భూతం, మునిగిపోయినవాళ్ల ప్రాణాలను కప్పుల్లో పెట్టి మూతలేసి దాచుకుంటాడు. మేం ముద్దుగా మడుగాయన అనేవాళ్లం. కోటుకు అసలైన కార్ప్ చేప పొలుసులే కావాలని లూబోర్ బాబాయి పట్టు. క్రిస్మస్‌కు మా దగ్గర ఇంటింటా ఆ చేపే వండుతారు. భోజనాల తర్వాత ఊళ్లో ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చాడు. పర్సులో దాచుకుంటే కలిసొస్తుందని జనం దాచుకునే పొలుసులను కూడా వదల్లేదు.

సెప్టెంబరులో, బొమ్మలు కదిపే మా పెద్ద పనిమంతుడు ప్లమ్ చెట్టెక్కి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. డైరెక్టర్ రాడోవన్ జిగురు గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ముప్పై నాలుగేళ్లవాడు, మాటకు ముందు సిగరెట్టు తీస్తాడు.

"హెద్వికగారూ, ఆఖరి పాట మిగిలింది. నలభై సెకన్లు, మధ్యలో ఒక్క కట్ కూడా లేదు. చేస్తారా?"

"తీగ సంగతి మీకు తెలియదా?" అన్నాను.

"ఊరంతటికీ తెలుసు. నాకు తెలియదా?" సిగరెట్టు వెలిగించాడు. "ఉన్నదున్నట్టు చెప్తాను. ఇది బాగుంటే వచ్చే సినిమా మొత్తం మీది. ఇందులో ఏదైనా తేడా వస్తే మాత్రం ఇంక నా చేతుల్లో ఏమీ ఉండదు. రిటైరయ్యేదాకా ఈ కుర్చీయే."

లూబోర్ బాబాయి జిగురు కుంచె నా చేతిలోంచి లాక్కుని, "పో పిల్లా, పో. నీ కాళ్ల చప్పుడు భరించలేక చస్తున్నా," అన్నాడు.

పాట సంగతి చెప్పాలి. పిండిమర నడిపేవాడి కూతురు తన తమ్ముడి ప్రాణాన్ని విడిపించుకోవడానికి ఫిడేలు పట్టుకుని మడుగు దగ్గరికి వస్తుంది. ఆమె అసలు మనిషే. స్వతావా అని, పందొమ్మిదేళ్ల పిల్ల, బ్రనోలో సంగీత కళాశాలలో చదువుతోంది. ఆమె పాడే భాగం షూటింగు వేసవిలోనే అయిపోయింది. ఆ ఫిల్ముని నా బల్ల వెనక చిన్న తెర మీద ఒక్కో ఫ్రేమూ పడేలా పెట్టారు. తెర ముందు బంకమట్టి గట్టు, గట్టు మీద మా మడుగాయన. ఆమె ఒక ఫ్రేము కదిలితే నేను బొమ్మను ఒక ఫ్రేము కదపాలి. ఆమె పాడుతుంది, ఆయన జవాబు పాడతాడు. పాటలో ఏ అక్షరానికి ఏ నోరు పెట్టాలో చార్టు రాసిచ్చారు. నలభై చెక్క నోళ్లు ఒక పెట్టెలో సర్దుకున్నాను.

అన్నిటికన్నా నరకం ఆ నీటిచుక్క. మడుగాయన కోటు ఎడమ చెంగు నుంచి ఎప్పుడూ నీళ్లు కారుతూనే ఉండాలి. ఆ చెంగు ఆరిందా, ఆయన పని అయిపోయినట్టే. నడక నేర్వని పిల్లలకు తప్ప అందరికీ తెలిసిన సంగతి ఇది. చెంగుకు గ్లిజరిన్ పూసి, గాజుచుక్కలు అంటించేవాళ్లం. ఆవగింజంత నుంచి బఠాణీగింజంత వరకు పన్నెండు సైజులు. చుక్క ఊరాలి, సాగాలి, రాలాలి. ఒక్కో ఫ్రేముకు ఒకటి తీసి ఇంకొకటి పెట్టాలి. మొదటి చుక్క ఎక్కడ పెడతామో, మిగతా చుక్కలన్నీ దాని వెంటే పోతాయి.

నేను బల్లకు పక్కన నిలబడతాను. అక్కణ్ణుంచి బొమ్మ మొహం కనపడదు. అందుకని కెమెరా పక్కన ఒక అద్దం వేలాడదీసుకున్నాను. కెమెరాకు ఎలా కనపడుతుందో నాకూ అలాగే కనపడుతుందని ధైర్యం.

అక్టోబరు మొదటివారంలో మొదలుపెట్టాను. చుట్టూ నల్ల తెరలు. లోపలికి వచ్చేది నేనొక్కదాన్నే, సాయంత్రం పని ఆపాక లూబోర్ బాబాయి వచ్చి ఊడిన పొలుసులు అంటించిపోయేవాడు. రోజుకు పాతిక ఫ్రేములు, అంటే ఒక్క సెకనుకు కాస్త పైన. ఊరు ఊరంతా అడవిలోకి పోయి పుట్టగొడుగులు ఏరుకుంటోంది. నాకు ఆ ధ్యాసే లేదు. మడుగాయన తల వంచడం, టోపీ తీయడం, ఒంటికాలి మీద గిర్రున తిరగడం, ఇవే నా లోకం. తిరిగే ముందు నేనూ గదిలో ఒంటికాలి మీద తిరిగి చూసుకునేదాన్ని. ఏడేళ్ల తర్వాత నా చేతులు నాకు తిరిగొచ్చాయి. సంతోషంగా ఉన్నానని సిగ్గుపడకుండా చెప్పగలను.

ఇరవై నాలుగో రోజు ఆరువందల ఫ్రేములు పూర్తయ్యాయి. మర్నాడు పొద్దున్నే రొట్టెల కోసం బ్లాజెనా దుకాణానికి వెళ్లాను.

"ఏం హెద్వికా, ఈసారి తీగ ఇంట్లోనే పెట్టొచ్చావా?" అంది బ్లాజెనా. ఏడేళ్లుగా అదే పలకరింపు.

"నీ జోకుకు బూజు పట్టింది బ్లాజెనా. నీ రొట్టెలకు పట్టినట్టే."

"అబ్బో, కెమెరా ఎక్కాక నోరు లేచిందే! సరేగానీ ఇటు చూడు. మీ సినిమా వస్తోందని తేనె బిస్కెట్టుతో వోద్నిక్‌లు చేశాం." పచ్చ చక్కెర కోటు వేసుకున్న బిస్కెట్టు బొమ్మను నా మొహం ముందు నిలబెట్టింది. "ఆ ఎడమ చెంగు మీద చుక్కలు చూశావా? మా మనవరాలు పెట్టింది. నేను రెండు బొమ్మలకు కుడిపక్క పెట్టేశాను. చిన్నపిల్ల నన్ను చెడామడా తిట్టింది. అవి ఎవరూ కొనరటమ్మా!"

బిస్కెట్టు బొమ్మ నాకు ఎదురుగా నిలబడి ఉంది. ఎదురుగా ఉన్నవాడి ఎడమ మన కుడిచేతి వైపు వస్తుంది. చుక్కలు నా కుడిచేతి వైపే ఉన్నాయి. సరిగ్గానే ఉంది. నేనూ మడుగాయనకు నా కుడిచేతి వైపే పెట్టాను. కుడివైపే. అద్దంలో చూసి.

అద్దంలో.

అద్దంలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. రొట్టెల సంచీ అక్కడే వదిలేసి బిస్కెట్టు బొమ్మతో కొండ మీది స్టూడియోకి పరిగెత్తాను. వెనక బ్లాజెనా "ఏమైందే?" అని అరుస్తోంది. నల్ల తెర తీసి, టార్చి వేసి, బల్ల ముందుకు వెళ్లి, అద్దం వైపు చూడకుండా బొమ్మకేసి చూశాను. గాజుచుక్క నిక్షేపంగా కుడి చెంగును పట్టుకుని వేలాడుతోంది. ఆరువందల ఫ్రేముల్లో ఆరువందలూ కుడి చెంగే.

కోపం పట్టలేక బిస్కెట్టు బొమ్మ తల కొరికేశాను. తర్వాత కింద కూర్చున్నాను. తర్వాత లేచాను. తర్వాత మళ్లీ కూర్చున్నాను.

మొదటినుంచీ మళ్లీ చెయ్యాలంటే నలభై రోజులు. సినిమా డిసెంబరులో విడుదల, తేదీ గోడల మీద అంటించేశారు కూడా. రాడోవన్‌కు చెబితే చెయ్యి విరిగిన ఆయన్నే కట్టుతో తెచ్చి నిలబెడతాడేమోగానీ నన్ను మాత్రం ఉంచడు. చెప్పకపోతే హాల్లో పిల్లలు చెబుతారు. మింగలేను, కక్కలేను. ఆ రోజు తొమ్మిది ఫ్రేములు చేశాను. తొమ్మిది ఫ్రేములకు కనీసం నూరుసార్లు కాలుగాలిన పిల్లిలా బల్ల చుట్టూ తిరిగి ఉంటాను.

ఒక దారి తోచింది. ఫిల్ముని తిరగేసి ముద్రిస్తే కుడి ఎడమ అవుతుంది. కానీ వెనక తెర మీద స్వతావా కూడా తిరగబడుతుంది. కమాను ఎడంచేతిలోకి వస్తుంది. అదృష్టమో దురదృష్టమో ఆ మర్నాడే ఆ పిల్ల తన పాట ఎలా వస్తోందో చూడటానికి బ్రనో నుంచి రైలెక్కి వచ్చింది.

"స్వతావా, ఫిడేలు ఎడంచేత్తో వాయించేవాళ్లు ఉంటారా?" అని మామూలుగా అడిగినట్టు అడిగాను.

"ఎడంచేత్తో కమానా? మా మాస్టారు చూస్తే నన్ను మెట్ల మీంచి తోసేస్తారు పిన్నీ. ఎందుకూ?"

"ఊరికే."

"ఊరికే అడిగిన మొహం కాదే అది."

నేను మాట మార్చడానికి వెనక తెర మీద రాబోయే ఫ్రేములను చేత్తో తిప్పి చూపించాను. పాట మధ్యలో ఫిడేలు ఒక్కటే వినపడే చోటు అది. ఐదు సెకన్లు. చార్టులో మడుగాయన వరసలో "నిలబడి వింటాడు" అని మాత్రమే రాసి ఉంది. నూట ఇరవై ఫ్రేముల పాటు నిలబడి వినడం! రాసినవాడికి నా చేత బొమ్మను నిలబెట్టించాలన్న కసి ఉండి ఉండాలి.

"ఇక్కడ చూడండి పిన్నీ," అంది స్వతావా పకపకా నవ్వుతూ. "షూటింగులో మీ మడుగాయన లేడుగా, చీపురుకట్టకు పచ్చగుడ్డ చుట్టి నిలబెట్టారు. నేను ప్రాణం పెట్టి వాయిస్తుంటే ఆ చీపురు నన్ను చూడకుండా దాని కాళ్లకేసి చూసుకుంటున్నట్టు అనిపించింది. నవ్వాగలేదు. ఇదిగో, ఇక్కడ. రాడోవన్ గారు బాగుంది ఉంచేద్దాం అన్నారు."

నిజమే. తెర మీద ఆ పిల్ల కమాను ఆపకుండా కళ్లు కిందికి దించి, మడుగాయన కోటు అంచు ఉండే చోటుకే చూసి, పెదవి బిగబట్టి నవ్వుతోంది. ఆమె ఏం చూసి నవ్విందో సినిమా చూసేవాళ్లకు తెలియదు. ఏం చూసి నవ్వినట్టు చెయ్యాలో నాకు తోచేసింది. ఆ పిల్లను పట్టుకుని రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టేశాను. "మీకేమైంది పిన్నీ?" అని బిత్తరపోయింది.

ఎవరినీ అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే బల్ల దగ్గరనుంచి లాగేస్తారు. సీను మార్చే హక్కు నాకు లేదని తెలుసు, తెలిసే చేశాను.

ఐదు రోజులు పట్టింది. స్వతావా కిందికి చూసి నవ్వినచోట మడుగాయన పాట ఆపి, ఈ పిల్ల దేనికి నవ్వుతోందని ఆమె చూపు వెంబడే తన కోటు కేసి చూసుకుంటాడు. కుడి చెంగు కారుతోంది! ఎడమ చెంగు పట్టుకుని చూస్తాడు. పొడి! గాబరాగా దాన్ని పిండుతాడు, ఒక్క చుక్కా రాదు. ఆమె చూసేసిందా అని ఒకసారి అటు చూస్తాడు. ఇంకెవరైనా చూశారా అని తల తిప్పి నేరుగా కెమెరాలోకి చూస్తాడు. ఆ చూపును పదకొండు ఫ్రేములు నిలబెట్టాను. ఎందుకు పదకొండంటే, ఆ లెక్క నాకు కంఠతా వచ్చు కనుక. తర్వాత కుడి చెంగును మెల్లిగా ఎత్తి, అందులో నీళ్లను ఎడమ చెంగులోకి ఒంపుకుని, దుమ్ము దులుపుకున్నట్టు దులుపుకుని, ఏమీ జరగనట్టు మళ్లీ పాట అందుకుంటాడు. అక్కడినుంచి చివరిదాకా చుక్క ఎడమవైపే.

నవంబరు ఇరవయ్యో తేదీకల్లా నలభై సెకన్లూ పూర్తిచేసి, డబ్బా మూసి ప్రాగ్‌లో ఫిల్ము కడిగే లాబ్‌కు పంపాను. తిరిగి రావడానికి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లో ఇల్లు మూడుసార్లు కడిగాను. రొట్టెల కోసం బ్లాజెనా కొట్టుకు కాక పక్కవీధి కొట్టుకు పోయాను. రాత్రిళ్లు నిద్రలో కూడా నా వేళ్లు దుప్పటిని వెంట్రుకవాసి చొప్పున జరిపేవి.

ఫిల్ము వచ్చిన రోజు మధ్యాహ్నం చిన్నగదిలో వేశారు. రాడోవన్ ముందు కుర్చీలో, లూబోర్ బాబాయీ నేనూ గోడవార. మొదటి చుక్క పడింది. రాడోవన్ ముందుకు వంగాడు. ఇరవై సెకన్ల దగ్గర సిగరెట్టు నోట్లోంచి తీశాడు. మడుగాయన ఎడమ చెంగు పిండుకునేసరికి ఫకాలున నవ్వాడు. దీపాలు వెలిగాక లేచి నా వైపు తిరిగాడు, కళ్లు మెరుస్తున్నాయి.

"ఇది నా సీనులో లేదు," అన్నాడు. "అయినా భలే ఉంది! ఫిడేలు విని మతిపోయి, నీళ్లు ఎటు కారాలో కూడా మరిచిపోయాడన్నమాట. మొదటి ఫ్రేము నుంచే ఇది మనసులో పెట్టుకుని చేశారా హెద్వికగారూ? ఏం గుండె మీది!"

అవునంటే చాలు. వచ్చే సినిమా నాదే. తల ఊపినా సరిపోయేది. నా మెడ దాదాపు ఊగింది కూడా. కానీ ఏడేళ్లనాటి ఆ తీగ ఏప్రాన్ జేబులో గుచ్చుకున్నట్టయింది.

"కాదు," అన్నాను. "పొరపాటు. అద్దంలో చూసి కుడివైపు పెట్టాను. ఆరువందల ఫ్రేములయ్యాక తెలిసింది. మీకు చెబితే తీసేస్తారని చెప్పకుండా కప్పెట్టాను." అక్కడితో ఆగలేదు. "ఆ తీగ కూడా మరిచిపోవడం కాదు. పన్నెండో ఫ్రేము దగ్గర చూశాను. చూసీ నోరు మూసుకున్నాను. ఇంతే. ఇంకేం లేదు."

రాడోవన్ మొహంలో నవ్వు మెల్లిగా ఆరిపోయింది. నాకు కాళ్లు ఆడించకుండా నిలబడటం ప్రాణం మీదికి వచ్చింది.

"నన్ను అడక్కుండా నా సీను మార్చారు."

"మార్చాను."

"ఈ ఆదివారమే విడుదల. ఆలోగా కొత్తది తియ్యలేం."

"తియ్యలేం."

"అయితే పిల్లలే తేలుస్తారు," అన్నాడు టోపీ తీసుకుంటూ. "వాళ్లు మన తప్పు చూసి నవ్వితే మీరు జిగురు గదికి. మడుగాయన్ని చూసి నవ్వితే అప్పుడు మాట్లాడదాం." తలుపు కాస్త గట్టిగానే వేసి వెళ్లాడు.

లూబోర్ బాబాయి జేబులోంచి చదునైన సీసా తీసి, ప్లమ్ సారా ఒక గుక్క నా చేత తాగించాడు.

"కుడి చెంగు సంగతి నాకు రెండోరోజే తెలుసు," అన్నాడు.

నేను నోరు తెరిచాను.

"అలా చూడకు. గ్లిజరిన్‌కు జిగురు కరిగి రోజూ అక్కడే పొలుసులు ఊడుతుంటే తెలియదా? సాయంత్రం సాయంత్రం కుడి చెంగే బాగుచేశా."

"మరి చెప్పలేదేం బాబాయ్! రెండోరోజంటే యాభై ఫ్రేములు! మళ్లీ మొదలెట్టేదాన్ని కదా!" నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన్ని కొట్టినా కొడతాననిపించింది.

"మొదలెట్టేదానివా? నేను చెబితే ఆ రోజే భయపడి వదిలేసి నా పక్కకొచ్చి కూర్చునేదానివి." సీసా మూత బిగించాడు. "ఏడేళ్లు నీ పక్కన కూర్చున్నా పిల్లా. కుర్చీ గీరుతావు, కాళ్లు ఆడిస్తావు, ఊరికే లేస్తావు. ఇంకో ఏడేళ్లు నావల్ల కాదు. నీ తిక్కకు ఆ బల్లే సరైన చోటు." సీసా జేబులో పెట్టుకుని, "నేలకు అతుక్కుపోయే బొమ్మల్ని చాలా చెక్కాను. గెంతే బొమ్మలు నీ దగ్గరే చూశా," అన్నాడు. తిట్టడానికి మాట వెతుక్కుంటూ నేను ఏడ్చేశాను.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఆట. బయట మంచు, లోపల మూడువందల మంది పిల్లలు, తడిసిన ఉన్ని తొడుగుల వాసన. రాడోవన్ నాకు రెండు వరసల ముందు కూర్చున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. నా వెనక వరసలో సరిగ్గా బ్లాజెనా, పక్కన మనవరాలు.

ఆఖరి పాట మొదలైంది. మొదటి చుక్క రాలింది. రెండోది. మూడోదానికి బ్లాజెనా మనవరాలి గొంతు కీచుమంది.

"అటు కాదు! ఆ పక్క కాదు!"

అంతే, ఇంకోమూల నుంచి "కుడి చెంగు! తప్పు, తప్పు!" అని ఎవడో అందుకున్నాడు. క్షణంలో హాలంతా లేచింది. "ఎడమవైపు! ఎడమవైపు! చచ్చిపోతావు!" కుర్చీల మీదికెక్కి అరుస్తున్నారు. స్వతావా పాట ఒక్క ముక్క వినపడటం లేదు. నా వెనక బ్లాజెనా, "మళ్లీనా హెద్వికా!" అంది, హాలుకంతా వినపడేలా. నేను కుర్చీలో కిందికి జారిపోయాను. ఆ ఇరవై ఐదు సెకన్లు చెయ్యడానికి నాకు ఇరవై నాలుగు రోజులు పట్టాయి. వినడానికి అంతకన్నా ఎక్కువ పట్టింది. పక్క కుర్చీలో లూబోర్ బాబాయి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అప్పుడు ఫిడేలు ఒక్కటే మిగిలింది. మడుగాయన పాట ఆపాడు. పిల్లలు ఇంకా గట్టిగా అరిచారు, ఎందుకంటే ఇప్పుడు ఆయనకు వినపడుతుందని వాళ్ల నమ్మకం. మడుగాయన మెల్లిగా వంగి కోటు చూసుకున్నాడు. కుడి చెంగు. ఎడమ చెంగు. గాబరాగా పిండుకున్నాడు. తల తిప్పి, నేరుగా హాల్లోకి, పిల్లలకేసి చూశాడు.

పదకొండు ఫ్రేములు. మూడువందల మంది ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నారు.

"విన్నాడు!" అంది బ్లాజెనా మనవరాలు. "బామ్మా, మన మాట విన్నాడే!"

మడుగాయన కుడి చెంగు ఎత్తి ఎడమ చెంగులోకి నీళ్లు ఒంపుకున్నాడు. ఎడమవైపు నుంచి చుక్క రాలింది. హాలు పైకప్పు లేచిపోయేలా పిల్లలు చప్పట్లు కొట్టారు, కాళ్లు నేలకేసి బాదారు, నవ్వారు, పక్కవాళ్లను కౌగిలించుకున్నారు. తాము చెప్పకపోతే మడుగాయన చచ్చిపోయేవాడని ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటున్నారు. నేను కళ్లు తుడుచుకోవడం మానేసి ఏడుస్తూనే చూశాను. ఆ అరుపు నాకు కొత్త కాదు. కాకపోతే ఏడేళ్ల కింద నాకు తగిలిన అరుపు, ఈసారి నా బొమ్మకు వినపడింది.

వెనకనుంచి బ్లాజెనా నా భుజం మీద తట్టి, "రేపు రొట్టెలకు రా. పక్కవీధికి పోతున్నావని తెలుసు నాకు," అంది. తీగ మాట ఎత్తలేదు.

దీపాలు వెలిగాయి. పిల్లలు మెట్ల మీద అప్పుడే ఒంటికాలి మీద తిరుగుతూ ఒకరి కోటు ఒకరు పిండుకుంటున్నారు. రాడోవన్ రెండు వరసలు దాటి వచ్చి నా ముందు నిలబడ్డాడు. సిగరెట్టు తీశాడు, హాల్లో ఉన్నానని గుర్తొచ్చి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"సోమవారం ఎనిమిదింటికి కెమెరా దగ్గర ఉండండి," అన్నాడు. "అద్దం మాత్రం తీయించేస్తున్నాను."

"అద్దం లేకపోతే బొమ్మ మొహం ఎలా ఉందో మీరొచ్చి చెప్తారా నాకు?" అని లేచాను. "అద్దం ఉండాల్సిందే. ఎడమా కుడీ నేను చూసుకుంటాను."

"చూసుకుంటారులెండి," అన్నాడు, నవ్వు ఆపుకుంటూ. లూబోర్ బాబాయి నా కోటు తెచ్చి భుజాల మీద వేశాడు. బయటికొచ్చి మంచులో నడుస్తుంటే, ఏడేళ్లలో మొదటిసారి ఇంటికి చేరడానికి నాకు తొందర అనిపించలేదు.